వైజాగ్‌లో గూడ్స్ బళ్ల వెంట మూడు రోజులు: ఒక లాడ్జి, ఒక టీ కొట్టు

ముందు లాడ్జి సంగతి కక్కేస్తా, లేకపోతే మిగతాది రాయలేను. స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంది, పేరెందుకులెండి. నాకు గూడ్స్ బళ్లు ఫొటోలు తీసే పిచ్చి, అందుకని ఫోన్లోనే ఒకటికి రెండుసార్లు అడిగా, రూమ్‌లోంచి ట్రాక్ కనిపిస్తుందా అని. "కిటికీ తీస్తే ట్రాకే సార్, నాలుగో ఫ్లోర్ ఇస్తా, కాకపోతే ఆ రూమ్‌కి 300 ఎక్కువ" అన్నాడు. రోజుకి 1,800 చొప్పున రెండు రోజులకి 3,600 ముందే వేయించుకున్నాడు.

రాత్రి తొమ్మిదిన్నరకి దిగాం కాబట్టి చీకట్లో ఏం తెలీలేదు. పొద్దున అయిదింటికి లేచి కెమెరా సర్దుకుని కిటికీ తీద్దును కదా, ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ, చెయ్యి చాపితే అందుతుంది, గోడకి ఏసీ డబ్బా, దాని కింద పావురం గూడు. హారన్లు మాత్రం దివ్యంగా వినిపిస్తున్నాయి. కిందికెళ్లి అడిగితే రిసెప్షన్ కుర్రాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా "సౌండ్ వస్తుంది కద్సార్" అన్నాడు. టెర్రస్ ఎక్కితే కనిపిస్తాయట, తాళం ఓనర్ దగ్గరట, ఓనర్ పదింటికి గానీ రాడట, 200 ఇస్తే వాచ్‌మన్ దగ్గర ఇంకో తాళం ఉందట. ఇచ్చా, ఆశ చావదు కదా. పైకెళ్తే వాటర్ ట్యాంక్‌కీ హోర్డింగ్‌కీ మధ్య జానెడు సందు, అందులోంచి ఓ ట్యాంకర్ వ్యాగన్ నెత్తి. ఆ 300 తిరిగివ్వమంటే ఇవ్వలేదు, పైగా 24 గంటల చెకౌట్ అన్న పెద్దమనుషులు ఖాళీ చేసే రోజు పొద్దున తొమ్మిదికే తలుపు బాదారు. ఇంటికొచ్చిన నాలుగు రోజులకి ఫోను, "సార్, రేటింగ్ ఇచ్చారా, కనపడట్లేదు" అని. ఇచ్చానన్నా, సౌండ్ రాలేదా అని పెట్టేశా.

మా ఆవిడ ఆ రెండు రోజులూ నాతో పొడిపొడిగానే మాట్లాడింది. "మనుషులెక్కే బండి కాదు, మట్టి మోసే బండికి ఫొటోలేంటండీ, దానికోసం గోడ ముందు పడుకోబెట్టారు" అని. అరకు చూపిస్తానని తీసుకొచ్చా, అందుకే నోరెత్తలేదు.

మొదటిరోజు వైజాగ్ స్టేషన్లో ప్లాట్‌ఫాం టికెట్లు పదేసి రూపాయలు పెట్టి కూర్చున్నాం, దండగ. ఇక్కడ చెన్నై, హౌరా బళ్లకి ఇంజన్ ఇటునుంచి అటు మార్చాలి, అందుకే ఆ దారిన పోయే గూడ్సులు స్టేషన్‌కి రాకుండానే దువ్వాడ, సింహాచలం నార్త్ మీదుగా బయటి నుంచే వెళ్లిపోతాయి. గూడ్స్ కావాలంటే దువ్వాడ వైపు పోండి. నేను సాయంత్రం మూడు గంటలుంటే బొగ్గు, స్టీలు, ఎరువుల బస్తాల బీసీఎన్ (పైకప్పున్న వ్యాగన్లు) రేకు, అంటే ఒక బండికి తగిలించిన వ్యాగన్ల వరస, ఆయిల్ ట్యాంకర్లు అన్నీ వచ్చాయి. పట్టాల మీదకి మాత్రం దిగొద్దు, రైల్వే చట్టం 147 కింద ఆరు నెలల జైలో, వెయ్యి రూపాయల ఫైనో, లేదా రెండూ. వంతెన మీద సెల్ఫీ స్టిక్ చాపే మహానుభావులకి ఒక మాట, కింద తీగలో ఉండేది 25,000 వోల్టులు.

మర్నాడు ట్యాక్సీ మాట్లాడుకుని శృంగవరపుకోట మీదుగా అరకు, 3,200. కేకే లైన్ కోసమే నేనొచ్చింది అసలు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్లు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి అరవైల్లో వేసిన లైను. లోడు బళ్లు కొండ దిగుతాయి, ఖాళీవి ఎక్కుతాయి.

ఎస్.కోట దాటాక ఒక లెవెల్ క్రాసింగ్ పడింది, పక్కనే తాటాకు పందిరి కింద టీ కొట్టు. నడిపే ఆవిడకి అరవై ఉంటాయేమో. నా కెమెరా చూసి "ఏటి బాబూ, గూడ్సు బండికి కూడా ఫొటోలేటి?" అని పకపకా నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది, రెండు రోజుల్లో మొదటిసారి. వెళ్లింది ఖాళీ బండి, నేను లెన్స్ మార్చేలోపే దాటిపోయింది. ఉసూరుమంటుంటే ఆవిడ "కూకో బాబూ, లోడు బండొస్తే నీకు ముందే సెప్తాను" అంది. గూడ్సుకి టైమ్ టేబుల్ ఉండదు, ఎలా చెప్తుందా అనుకున్నా. ముప్పావుగంట పోయాక నీళ్ల బిందె పక్కన రేకు పళ్లెంలో బోర్లించిన టీ గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. "అదిగో, వత్తంది" అంది. ట్రాక్ వైపు చూస్తే ఇంకా ఏమీ లేదు. అర నిమిషానికి మలుపులోంచి జంట వాగ్-9 కరెంటు ఇంజన్లు, పచ్చరంగంతా ఎర్ర దుమ్ము కొట్టుకుపోయి, వెనక పైకప్పులేని బాక్స్‌ఎన్ వ్యాగన్ల బారు.

తొమ్మిదేళ్ల మావాడు వంతెన మెట్టెక్కి చూసి "నాన్నా, సగం కూడా నింపలేదు, మోసం" అన్నాడు. లాడ్జి ప్రభావం. ఖనిజం బొగ్గులాంటిది కాదురా, బరువెక్కువ, అంచుదాకా పోస్తే వ్యాగన్ ఆగదు, అందుకే అడుగునే కుప్పలా ఉంటుందని చెప్పా. చివర బ్రేక్ వ్యాన్‌లోంచి గార్డు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనాలట, వాడికి చెయ్యి ఊపాడు. ఆ ఫొటో మాత్రం భలే పడింది. నాలుగు టీలు, రెండు ప్లేట్ల పునుగులు కలిపి 88, చిల్లర లేదని వంద ఇస్తే ఊరుకోలేదు, మిగతా పన్నెండుకీ మావాడి చేతిలో వేరుశనగ ఉండలు పెట్టింది.

అరకులో ఒక రాత్రి, 2,200, వంక పెట్టడానికేం లేదు. తిరుగు ప్రయాణం కిరండూల్ పాసింజర్‌లో అద్దాల బోగీ, మా ఆవిడకి బాగా నచ్చింది, ఫొటోలకి మాత్రం పనికిరాదు, అద్దంలో మన మొహాలే పడతాయి, నన్నడిగితే మామూలు బోగీలో తెరిచిన కిటికీయే నయం. డబ్లింగ్ (రెండో లైను వేసే) పనులు ఇంకా నడుస్తున్నాయి, మన బండికి దారి ఇస్తూ స్టేషన్లో పక్కనుండే లూప్ లైన్లో ఆగిన గూడ్సులు దగ్గరగా దొరుకుతాయి.

ఇంటికొచ్చాక ఒక్క గొడవే మిగిలింది. ఆ ఎర్ర బండికి వ్యాగన్లు 58 అని మావాడు, కాదు 59 అని వాళ్లమ్మ, బాక్స్‌ఎన్ రేకుకి రెండూ ఉంటాయి కాబట్టి నన్ను తీర్పు చెప్పమన్నారు. కంప్యూటర్లో పెద్దది చేసి లెక్కపెడుతూ పోయా, నలభై ఒకటో వ్యాగన్ దగ్గర టీ కొట్టు తాటాకు అడ్డమొచ్చింది.