పాత ట్యూబ్‌లైటా, ఎల్‌ఈడీ బ్యాటెనా?

నాలుగడుగుల ట్యూబ్‌లైట్ వెలగడం మానేసింది. బాగుచేయించాలా, ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబులాగే పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీ దీపం) పెట్టించాలా?

వెలుగు పుట్టే తీరు: ట్యూబులో పాదరసపు ఆవిరి గుండా కరెంటు పోతే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గాజు లోపలి తెల్లపూత వాటిని వెలుగుగా మారుస్తుంది. ఎల్‌ఈడీ చిప్ ఇచ్చేది నీలి కాంతి. దానిమీది పసుపు పూత కలిసి తెల్లగా కనిపిస్తుంది. ఆర్పేసి, మూత తీసి చూడండి, వరసగా పసుపు చుక్కలుంటాయి.

కరెంటు: ట్యూబుకు 40 వాట్లు, దానికి వెళ్లే కరెంటును అదుపుచేసే రాగి చోక్‌కు మరో 10 దాకా. బ్యాటెన్‌కు 20. రోజుకు 6 గంటలైతే ఏడాదికి దాదాపు 65 యూనిట్ల తేడా.

చెడిపోవడం: ట్యూబు ముందే చెబుతుంది, ఫిలమెంటు పూత అరిగి కొసలు నల్లబడతాయి. ఎల్‌ఈడీలో తరచు చిప్పుల కంటే ముందు డ్రైవర్ (చిప్పులకు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం) పోతుంది, వేడికి కెపాసిటర్ దెబ్బతిని. అందుకే పొయ్యి పైన బిగించొద్దు.

పగిలితే: ట్యూబులో పాదరసం ఉంటుంది. కిటికీలు తెరిచి, చీపురు ముట్టకుండా, ముక్కల్ని అట్టతో ఎత్తి తడిగుడ్డతో తుడవండి. ఎల్‌ఈడీతో ఆ బెడద లేదు.

కొసలు తెల్లగా ఉండి మినుకుమినుకుమంటుంటే ముందు స్టార్టర్ మార్చండి, అన్నిటికన్నా చవక అదే. చోక్ కాలిందా, లేక గంటల తరబడి వెలిగే హాలా? బ్యాటెనే పెట్టించండి.