సిమ్‌అబ్జర్వ్: ఏండ్ల తరబడి వాడినంక

నల్గొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్‌లలో ఒక్కో రేడియో డిష్ నిలబెట్టి, 21 సెంటీమీటర్ల తరంగంలో ఓరియన్ నెబ్యులాను చూస్తే ఏం కనబడుతుంది? కాసా అనే రేడియో ఖగోళ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో, డిష్‌లకు ఏం కనబడుతుందో లెక్కగట్టి చూపే సిమ్‌అబ్జర్వ్‌కు ఈ లెక్క ఇస్తే చారలే వస్తాయి, నెబ్యులా రాదు. డిష్‌లు జతలుగా కొలుస్తాయి, జత ఎడం పెరిగినకొద్దీ సన్నని వివరమే చిక్కుతుంది. ఇక్కడ దగ్గరి జతకే సుమారు 54 కిలోమీటర్ల ఎడం. అందుకే 0.8 ఆర్క్‌సెకన్లను (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) బాగా మించి పరుచుకున్న వెలుగు దానికి చిక్కదు. పైగా మూడూర్లూ ఎక్కువగా తూర్పు పడమరలుగానే పరుచుకున్నాయి, నెబ్యులా ఖగోళ మధ్యరేఖ పక్కనే ఉంది. భూమి ఎంత తిరిగినా యూవీ జాడలు (నెబ్యులా వైపు నుంచి చూస్తే ఒక్కో జత ఎడం గీసే గీతలు) అడ్డగీతలుగా సాగుతాయి, ఉత్తర దక్షిణ వివరం చెడుతుంది.

డిష్‌ల స్థానాలు రాసే ఫైల్లో ఇప్పుడు పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ స్థానాలు వేయండి. 30 డిష్‌లు, 435 జతలు, 14 డిష్‌లు నడిమధ్య కిలోమీటరు మేరలోనే. బొమ్మ తేరుకుంటుంది. ఈ తేడా కళ్లకు కట్టడంలో సిమ్‌అబ్జర్వ్‌కు పూర్తి మార్కులు.

స్థానాల ఫైలు మామూలు టెక్స్టే: ఎక్స్, వై, జెడ్, వ్యాసం మీటర్లలో, చివర పేరు. నల్గొండను మూలబిందువు చేస్తే, 140 కిలోమీటర్ల అవతలున్న మహబూబ్‌నగర్‌కు జెడ్ సున్నా వేయకూడదు. భూమి వంపుకు కిలోమీటరున్నర కిందికి దించాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఇన్‌బ్రైట్ దగ్గర, అంటే బొమ్మలో గరిష్ఠ వెలుగు ఎంతో చెప్పే సెట్టింగు దగ్గర. ఫొటోను ఫిట్స్‌గా (ఖగోళ బొమ్మల ఫైలుగా) మార్చి అట్లనే ఇస్తే, 255 ఉన్న పిక్సెల్‌ను 255 జాన్‌స్కీలనే (రేడియో వెలుగు కొలత) అనుకుంటుంది. అంత వెలుగులో ఎంత నాయిస్ కలిపినా ఆనవాలు దొరకదు. గరిష్ఠ విలువ మనమే ఇవ్వాలి. నాయిస్ కలిపే థర్మల్‌నాయిస్ సెట్టింగు డిఫాల్ట్, చిలీలోని ఆల్మా లాంటి మిల్లీమీటరు టెలిస్కోపుల వాతావరణ లెక్క. మీటరు తరంగాలకు దాన్ని ఖాళీగా ఉంచి, సెట్‌నాయిస్ అనే ఆదేశంతో విడిగా కలపడం మేలు.

కొలతల నుంచి బొమ్మ తీసేది కాసాలోని టీక్లీన్. అందులో ఎన్నిసార్లు శుభ్రం చేయాలో చెప్పే ఎన్‌ఐటర్ డిఫాల్ట్ సున్నా, కాబట్టి మొదట చేతికొచ్చేది శుభ్రం చేయని డర్టీ ఇమేజే. సెల్ (బొమ్మ పిక్సెల్) సైజు బీమ్‌లో, అంటే విడిగా చూడగల అతి చిన్న వివరంలో, నాలుగో వంతో ఐదో వంతో పెట్టండి: 610 మెగాహెర్ట్జ్ దగ్గర జీఎంఆర్‌టీ బీమ్ 5 ఆర్క్‌సెకన్లయితే సెల్ 1. ఒక్కో విడతలో ఎంత వెలుగు తీసేయాలో చెప్పే గెయిన్ 0.1ను కదపనక్కర్లేదు. జతలకు ఇచ్చే బరువును మార్చే రోబస్ట్‌ను 0.5 నుంచి -0.5కు దించితే బీమ్ సన్నబడుతుంది, నాయిస్ పెరుగుతుంది. ఎక్కడ శుభ్రం చేయాలో గీసిచ్చే మాస్క్ లేకుండా వేలసార్లు తిప్పితే సైడ్‌లోబ్‌లనూ (బీమ్ చుట్టూ వచ్చే నకిలీ మచ్చలను) ఆకాశంలో ఉన్నవే అనుకుంటుంది.

కాసా విండోస్‌లో నేరుగా నడవదు, లోపలే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్‌లో ఉబుంటు వేసుకోవాలి. అసలు అసంతృప్తి వేరే: మనమే కలిపితే తప్ప, పై వాతావరణంలోని అయనావరణం రేడియో తరంగాల ఫేజ్‌ను (దశను) చెదరగొట్టడం ఇందులో ఉండదు. 1 గిగాహెర్ట్జ్ కిందికి పోయినకొద్దీ బొమ్మ నమ్మలేనంత శుభ్రంగా వస్తుంది.

మొదటి క్లాసుకైతే ఇలాంటిదే చిన్న ప్రోగ్రాం అప్సిన్‌సిమ్ చాలు. మౌస్‌తో డిష్‌ను లాగుతుంటే బీమ్ మారడం పిల్లలు చూస్తారు. ప్రాజెక్టు రాసేవాళ్లకు మాత్రం సిమ్‌అబ్జర్వే.