పోర్షే 914, ఫియట్ ఎక్స్1/9: రెండూ ఏళ్ల తరబడి నడిపాక

ఏది కొనాలని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, నడుపుకోవడానికైతే ఫియటే. నా దగ్గర 1974 పోర్షే 914 (2 లీటర్ల ఇంజిన్), 1981 ఎక్స్1/9 రెండూ కాలిఫోర్నియా శాన్ హోసేలో ఒకే గరాజ్‌లో ఉంటాయి, రెంటికీ ఇంజిన్ సీటు వెనకే. మనవాళ్ళకి ఫియట్ అంటే ప్రీమియర్ పద్మినీ గుర్తొస్తుంది కాబట్టి నవ్వుతారు, నవ్వనీండి, లంబోర్గినీ కౌంటాష్ డిజైన్ చేసిన మార్చెల్లో గాందీనీయే దీన్నీ డిజైన్ చేశాడు.

నా ఎక్స్1/9ది 1500 సీసీ ఇంజిన్, పెద్ద పవర్ ఏమీ లేదు. కానీ 5 గేర్లూ ఎంత తేలిగ్గా పడతాయంటే, సారటోగా ఊరి నుంచి హైవే 9 మీద స్కైలైన్ కొండ రోడ్డు ఎక్కుతుంటే అవసరం లేకపోయినా గేరు మార్చాలనిపిస్తుంది.

914లో ఒకటో గేరు ఎడమ పక్కన కిందికి లాగాలి, రెండు, మూడు ఒకే వరసలో. కొండ రోడ్డు మీద ఆ అమరిక బాగుంటుంది, మాటిమాటికీ ఒకటి, రెండు మధ్య మార్చాల్సిన హైవే 101 ట్రాఫిక్‌లో మాత్రం ప్రాణం తీస్తుంది. పైగా గేరు రాడ్డు చాలా పొడుగు, దాని కీళ్ళలో ఉండే బుష్‌లు అరిగాయంటే గేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. 1972 దాకా వచ్చిన బళ్ళలో ఆ రాడ్డు గేర్‌బాక్స్ వెనక చివరిదాకా పోతుంది, అవి ఇంకా ఘోరం. అయితే హైవే మీద నిలకడ, లోపల జాగా, ముందూ వెనకా డిక్కీల సైజు, వీటిలో ఫియట్ దీని దరిదాపులకి రాదు.

తుప్పు రెండిట్లోనూ ఉంటుంది. 914 చూడ్డానికి వెళ్తే పెయింట్ సంగతి తర్వాత, ముందు ఇంజిన్ మూత ఎత్తి కుడి పక్క బ్యాటరీ తీయించండి. యాసిడ్ కారేది, వాన నీళ్ళు పడేది అక్కడే, అదంతా కింద ఛాసిస్ రేకులోకి దిగుతుంది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే మెత్తగా తగిలిందా, బేరం ఆడకుండా వచ్చేయండి. టాప్ తీసి తలుపు పైఅంచు దగ్గర సందు కూడా చూడండి, వెనక వైపు ఇరుకైతే బండి నడుం వంగిందన్నమాట.

ఫియట్‌లో రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. కూలెంట్ మార్చాక గాలి మొత్తం బయటికి తీయకపోతే బండి వేడెక్కుతుంది, ఆ టెన్షన్ గాలితో చల్లబడే 914 ఇంజిన్‌కి లేదు.

కలెక్షన్ కోసమైతే మాత్రం పోర్షే పేరే డబ్బు చేస్తుంది. ఆరు సిలిండర్ల 914/6 మొత్తం 3,300 పైచిలుకే తయారయ్యాయి, వాటి జోలికి నేను పోలేదు.

ఇంకోటి, కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ళకి స్మాగ్ టెస్ట్ (పొగ కాలుష్యం పరీక్ష) లేదు, నా ఫియట్‌కి రెండేళ్లకోసారి తప్పదు. ఆ గొడవ వద్దనుకుంటే 1974, 75 ఎక్స్1/9 వెతకండి, 1300 ఇంజిన్, 4 గేర్లే ఉంటాయి. నాకైతే ఆ ఐదో గేరు వదులుకోబుద్ధి కాదు.