కొరియన్ పండుగ పలకరింపులు: విని బట్టీ పట్టాలా, కొరియన్ లిపి హంగుల్ నేర్చుకోవాలా?

ఖర్చు: రెండిటికీ దాదాపు లేదు.

శ్రమ: బట్టీకి ఒక సాయంత్రం చాలు. హంగుల్ మూల అక్షరాలు 24. గుణింతాలు దిద్దిన మనకు అది భారం కాదు, అయినా వారం పది రోజులు కూర్చోవాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. కొత్త సంవత్సరపు శుభాకాంక్షల్లో అక్షరాల ప్రకారం ‘బోక్ మాన్హి’ అని ఉంటుంది, పలికేది మాత్రం ‘బోంగ్ మాని’. వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం పండుగ పేరు ‘సొల్ నాల్’ అని రాసి ‘సొల్లాల్’ అంటారు. చెవితో నేర్చుకుంటే రాసినట్టే పలికే ఈ తప్పు రాదు. కానీ ఆ శుభాకాంక్షల చివర పెద్దలకు ‘బాదుసేయో’ (అందుకోండి), స్నేహితులకు ‘బాదా’ (అందుకో) అనాలని బట్టీ పట్టినవాళ్లకు తట్టదు. నాకు ఇదే పెద్ద లోటు అనిపిస్తుంది.

ఎవరికి ఏది: పెనుకొండ కియాలో పనిచేస్తూ, నాలుగు రోజుల్లో వచ్చే సొల్లాల్‌కి కొరియన్ మేనేజర్‌ని పలకరించాలంటే బట్టీయే. చాంద్రమానం ఎనిమిదో నెల పౌర్ణమికి వచ్చే ఛుసోక్ దాకా టైముండి, సోంగ్‌ప్యొన్ లాంటి పండుగ వంటల పేర్లూ చదవాలనుంటే హంగుల్.