1923 జర్మన్ స్టాంపులు: కొత్తవా, తపాలా ముద్ర పడినవా?

మామూలుగా, ఉత్తరానికి వాడని కొత్త స్టాంపుకే ధర ఎక్కువ. 1923 జర్మన్ ద్రవ్యోల్బణ స్టాంపుల్లో చాలావాటికి ఇది తలకిందులు. ఆ నవంబరులో ఉత్తరం ఖర్చు రోజుల్లోనే మారిపోయేది: 12న 1,000 కోట్ల మార్కులు, 20న 2,000 కోట్లు, 26న 8,000 కోట్లు. అచ్చయిన స్టాంపు వాడకంలోకి వచ్చేలోపే చిల్లర అయిపోయేది. అలా మిగిలిన షీట్లు కుప్పలుగా ఉన్నాయి కాబట్టి కొత్తవి చవక.

కొత్తవాటిలో చూడాల్సింది వెనక జిగురు, హింజ్ (ఆల్బంలో అంటించే చిన్న కాగితం ముక్క) మచ్చ, అంచు పళ్లు. 5,000 కోట్ల మార్కుల దాకా పోయిన పెద్ద విలువల్లో కొన్ని రంధ్రాల అంచుతోనూ, కాగితం తీయకుండా చీలికలు మాత్రమే కొట్టిన అంచుతోనూ వచ్చాయి. చీలికల రకం అరుదు. దాని పేరుతో పళ్లు కత్తిరించిన మామూలు స్టాంపులూ అమ్ముతారు. పక్క స్టాంపుతో జతగా ఉంటే మధ్య అంచు కత్తిరించలేరు కాబట్టి అదే నమ్మకం.

ముద్ర పడినవాటిలో అసలు తలనొప్పి దొంగముద్ర. చవక కొత్త స్టాంపుకు తర్వాత ముద్ర కొడితే ధర పెరుగుతుంది మరి! తేదీ ఆ స్టాంపు చెల్లిన కాలంలో ఉందా, ఊరి పేరు చదవగలమా చూడాలి. వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటే అనుమానించాలి. ఖరీదైనది ఇన్ఫ్లా బెర్లిన్ (ఈ స్టాంపులు సేకరించేవారి జర్మన్ సంఘం) నిపుణులు అసలుదని వేసే పరీక్ష ముద్ర లేకుండా కొనకూడదు. ఆ ముద్రకూ నకళ్లున్నాయి.

మొదలుపెట్టేవారికి కొత్త సెట్టే మేలు. డబ్బు పెట్టదలిస్తే విడి స్టాంపు కన్నా, ఆనాటి రేటుకు సరిపోయిన పూర్తి కవరు కొనండి.