వాలెన్సియాకు మాడ్రిడ్ దారే మేలు: రైలు, విమానం, బస్సు అన్నీ వాడి చూశాక

స్పెయిన్‌లోని వాలెన్సియా వెళ్లాలంటే మనవాళ్లలో చాలామంది బార్సిలోనాకి టికెట్ తీసుకుంటారు. రెండూ మధ్యధరా తీరంలోనే ఉన్నాయి, మ్యాపులో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి కదా అని. ఏళ్ల తరబడి రెండు వైపుల నుంచీ వెళ్లొస్తున్న మీదట నా మాట ఒకటే: రైల్లో వెళ్లేవాళ్లు మాడ్రిడ్‌లో దిగండి. రోడ్డు మీద రెండు ఊళ్ల నుంచీ దూరం ఇంచుమించు 350 కిలోమీటర్లే. తేడా అంతా పట్టాల్లో ఉంది.

మాడ్రిడ్–వాలెన్సియా హైస్పీడ్ లైను 2010 డిసెంబరులో మొదలైంది. అది యూరప్‌లో చాలాచోట్ల ఉండే 1,435 మి.మీ. గేజ్ (పట్టాల మధ్య ఎడం). 2022లో స్పెయిన్ ప్రభుత్వ రైల్వే సంస్థ రెన్ఫే తన చవక రైలు ఆవ్లోను ఇక్కడ దించింది, అదే ఏడు ఉయిగో, ఇర్యో అనే పోటీ కంపెనీలు కూడా ఆ లైను మీదికి వచ్చాయి. పోటీ పెరిగి టికెట్లు దిగాయి. రెండు గంటల లోపే చేరిపోతాం. బార్సిలోనా వైపు తీరం వెంట ఉన్నది మాత్రం చాలావరకు స్పెయిన్ పాత గేజ్, 1,668 మి.మీ. (మన బ్రాడ్ గేజ్ కంటే 8 మి.మీ. తక్కువ). అందుకే అక్కడ నడిచే రెన్ఫే సర్వీసు యూరోమెడ్‌కి చక్రాల ఎడం మార్చుకునే టాల్గో రైలు పెట్టారు. టారగోనా దాటుతుండగా రైలు ఉన్నట్టుండి మనిషి నడకంత నెమ్మదిస్తుంది. సిగ్నల్ పడిందేమో అనుకుంటారు గానీ, అక్కడే షెడ్డులో ఒక్కో ఇరుసు దగ్గరా చక్రాలు జరిగి కొత్త ఎడంలో బిగుసుకుంటాయి. ఒకే గేజ్ రైళ్లున్న కొత్త కంపెనీలు ఈ దారిలోకి రాలేవు. పోటీ లేదు కాబట్టి ధర దిగదు, ప్రయాణం మూడు గంటలకు దగ్గరగా పడుతుంది. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది, అది మాత్రం నిజంగా బాగుంటుంది.

ఇక మాడ్రిడ్‌లో దిగాక. విమానం టి4ఎస్ (టెర్మినల్ 4కి అనుబంధ భవనం) దగ్గర ఆగితే ఇమిగ్రేషన్ అక్కడే, సామాన్లు మాత్రం టి4లో. మధ్యలో భూగర్భ రైలు ఎక్కాలి. సెర్కానియాస్ లోకల్ రైలు కూడా టి4 నుంచే. టి1, టి2, టి3లో దిగినవాళ్లు టెర్మినళ్ల మధ్య తిరిగే ఉచిత బస్సెక్కి టి4కి రావాలి. రెన్ఫే హైస్పీడ్ రైలు ఏవీఈ టికెట్ ఉంటే ఈ లోకల్ ప్రయాణం ఉచితం. టికెట్ మీది 'కాంబినాదో సెర్కానియాస్' కోడ్‌ను స్టేషన్ మెషీన్‌లో కొడితే పాస్ వస్తుంది, రైలు బయల్దేరే 4 గంటల ముందు నుంచి చెల్లుతుంది. ఇక్కడ ఎక్కువమంది తడబడేది స్టేషన్ పేరు దగ్గర. వాలెన్సియా రైళ్లు కొన్ని అతోచా నుంచి, కొన్ని చమార్తిన్ నుంచి బయల్దేరతాయి. టికెట్ మీద ఏది రాసి ఉందో చూసుకోకుండా లోకల్ ఎక్కొద్దు. స్టేషన్‌లో సామాన్లు ఎక్స్‌రేలో పెడతారు, బయల్దేరే ముందే గేటు మూసేస్తారు. అరగంట ముందుండాలి. విమానం దిగే సమయానికీ రైలుకీ మధ్య 4 గంటలు వదలండి. చవక టికెట్‌తో రైలు తప్పిపోతే డబ్బు తిరిగి రాదు.

సామాన్ల లెక్క తప్పక చూడాలి. హైదరాబాద్ నుంచి 23 కిలోల పెట్టెలు రెండేసి తెచ్చుకునేవాళ్లకి ఆవ్లో, ఉయిగోల చవక ధర చూసి మోసపోయినట్టే అవుతుంది. వాటి మామూలు టికెట్‌లో చిన్న పెట్టె, చేతిసంచీ వరకే. పెద్ద పెట్టెకి వేరే కట్టాలి, అదీ బుక్ చేసేటప్పుడే కడితే తక్కువ. కుటుంబంతో, పెద్ద సామానుతో వెళ్తుంటే రైలు మాటే వదిలేసి హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–వాలెన్సియా ఒకే టికెట్ మీద తీసుకోండి. పెట్టెలు నేరుగా వాలెన్సియాలోనే చేతికొస్తాయి. షెంగెన్ ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది, కాబట్టి అక్కడ రెండు విమానాల మధ్య మూడు గంటలైనా ఉంచుకోవాలి.

బస్సు గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. రెండు ఊళ్ల నుంచీ నాలుగు గంటలు, ఆపైన. చివరి నిమిషంలో రైలు ధర పెరిగిపోయినప్పుడు మాత్రం ఆదుకుంటుంది. నలుగురుంటే అద్దెకారు లాభమే. మాడ్రిడ్ నుంచి వచ్చే ఏ-3 హైవేకి టోల్ లేదు, బార్సిలోనా నుంచి ఏపీ-7 మీద కూడా 2021 నుంచి లేదు. వాలెన్సియా పాతబస్తీలో పార్కింగ్ మాత్రం తలనొప్పి.

హైస్పీడ్ రైళ్లు ఆగేది హోవాకిన్ సొరోయా స్టేషన్‌లో. పాత స్టేషన్ ఎస్తాసియో దెల్ నోర్డ్ అక్కడికి పది నిమిషాల నడక, రెంటి మధ్యా ఉచిత బస్సు ఉంది. విమానాశ్రయం నుంచి మెట్రో 3, 5 లైన్లు ఊళ్లోకి దాదాపు 25 నిమిషాల్లో చేరుస్తాయి. విమానాశ్రయానికి టారిఫ్ వేరు. ఊళ్లో తిరిగే టికెట్‌తో అక్కడ గేటు తెరుచుకోదు. దిగేచోట కూడా కార్డు చూపాలి, పారేయొద్దు. ఆర్ట్స్ అండ్ సైన్సెస్ సిటీకి 2022లో వచ్చిన 10వ లైను దగ్గర్లో దింపుతుంది.

మార్చి 15 నుంచి 19 వరకు ఫాయాస్ పండుగ. నడిబొడ్డున రోడ్లు మూసేస్తారు, టాక్సీ హోటల్ దాకా రాదు, రైలు టికెట్లు చాలా ముందే అయిపోతాయి. ఆ నెల మొదటి తేదీ నుంచే రోజూ మధ్యాహ్నం 2 గంటలకు మునిసిపల్ భవనం ముందు బాణసంచా పేలుస్తారు. జనం ఎక్కువై పక్కనున్న షాతివా స్టేషన్‌లో మెట్రో ఆపకపోవచ్చు. పెట్టెలతో ఊళ్లో దిగే వేళ ఆ మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో పడకుండా రైలు ఎంచుకోండి.