డిస్నీ స్కైలైనర్: కాగితం మీద ఒక లెక్క, ప్లాట్‌ఫారం మీద ఇంకో లెక్క

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 2019 సెప్టెంబరు 29న ప్రారంభమైన స్కైలైనర్, హాలీవుడ్ స్టూడియోస్, ఎప్‌కాట్ పార్కులను కొన్ని హోటళ్లతో కలిపే తీగమార్గం (రోప్‌వే). ఆస్ట్రియాకు చెందిన డాపెల్‌మయర్ సంస్థ దీన్ని నిర్మించింది. దాదాపు 300 క్యాబిన్లున్న ఈ వ్యవస్థలో ఎక్కడానికి టికెట్టు అక్కర్లేదు. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గరి స్టేషన్ అన్ని మార్గాలకూ కూడలి.

ఒక్కో క్యాబిన్‌లో ఎదురెదురు బెంచీల మీద పదిమంది కూర్చోవచ్చు. ఉదాహరణకు పది సెకన్లకు ఒక క్యాబిన్ బయలుదేరుతుందనుకుంటే, గంటకు ఒకే దిశలో 3,600 మందిని పంపవచ్చునని లెక్క తేలుతుంది. అయితే నలుగురున్న కుటుంబం అపరిచితులతో కలిసి కూర్చోవడానికి వెనుకాడితే, సిబ్బంది కూడా బలవంతపెట్టకపోతే, క్యాబిన్ సగం కంటే తక్కువ నిండి వెళ్లిపోతుంది, అదే లెక్క 1,440కి పడిపోతుంది. రాత్రి ఎప్‌కాట్‌లో బాణసంచా ముగిసిన వెంటనే జనమంతా ఒక్కసారిగా స్టేషన్‌కు చేరినప్పుడు అసలు పరీక్ష ఇదే. క్యూ పొడవును నిర్ణయించేది తీగ వేగం కాదు, ప్లాట్‌ఫారం మీద మనుషులను సర్దే నేర్పు.

స్టేషన్‌లోకి రాగానే క్యాబిన్ తీగను వదిలి నెమ్మదిగా కదులుతుంది, కానీ ఆగదు, కదులుతూ ఉండగానే ఎక్కాలి. మన పెద్దవాళ్లను అమెరికా యాత్రకు తీసుకెళ్లినప్పుడు ఈ క్షణంలోనే కంగారు పుడుతుంది. ప్రధాన స్టేషన్లలో వీల్‌చెయిర్ల కోసం క్యాబిన్ పూర్తిగా ఆగే వేరే దారి ఉంది, ప్రధాన వరుస నడక చెడకుండా దాన్ని పక్కకు మళ్లించిన తీరు నాకు ఈ రూపకల్పనలో అన్నిటికంటే బాగా నచ్చింది.

ప్రారంభానికి ముందు నెలల తరబడి క్యాబిన్లను తిప్పి పరీక్షించారు. అయినా ఏడో రోజునే, అక్టోబరు 5 రాత్రి, ఎప్‌కాట్ మార్గం నిలిచిపోయి కొందరు ప్రయాణికులు మూడు గంటలకు పైగా గాలిలోనే ఉండిపోయారు, కొందరిని అగ్నిమాపక సిబ్బంది కిందికి దించవలసి వచ్చింది. అక్టోబరు 14న సేవ తిరిగి మొదలయ్యేటప్పుడు, పని పద్ధతుల్లోనూ సిబ్బంది శిక్షణలోనూ ప్రయాణికులకు సమాచారం చేరవేయడంలోనూ మార్పులు చేశామని డిస్నీ సంస్థ తెలిపింది. తీగ బలాన్ని, బ్రేకులను, బరువును ఖాళీ వేళల్లో ఎంతైనా పరీక్షించవచ్చు. పిల్లల బండి మడతపడక తల్లి తడబడే ఆ కొన్ని సెకన్లను మాత్రం నిజమైన జనంతోనే పరీక్షించాలి.

క్యాబిన్లలో ఏసీ లేదు. కదులుతున్నంతసేపు గాలి బాగానే ఆడుతుంది, ఆగితే మాత్రం ఫ్లోరిడా ఎండ తెలుస్తుంది. పిడుగులు పడే సూచన ఉంటే సేవ నిలిపివేస్తారు కాబట్టి, వేసవి మధ్యాహ్నాల్లో బస్సు మార్గం కూడా తెలుసుకుని ఉండటం మంచిది. పదిమంది సామర్థ్యమని రాసి ఉన్నా, బండి, సంచులు ఉన్న ఆరుగురికే ఇది హాయిగా సరిపోతుంది.